కుక్క కరిచాక ఒంట్లో జరిగే పరుగు పందెం

ఈ వారం ఎపిసోడ్‌కి కారణం ఒక మెసేజ్. నల్గొండ వైపు నుంచి ఒక తమ్ముడు పంపాడు. "అన్నా, నిన్న రాత్రి బండి మీద వస్తుంటే వీధికుక్క పిక్క పట్టుకుంది. రెండు పళ్ళు దిగాయి. నేను రోజూ జిమ్‌కి పోతా, రోజుకి ఆరు గుడ్లు తింటా, కరోనా వచ్చినా రెండ్రోజుల్లో లేచి తిరిగా. నా ఇమ్యూనిటీ బాగా స్ట్రాంగ్. ఇంజక్షన్ కంపల్సరీనా?"

నేను ఇచ్చిన రిప్లై ఒకటే. ఫోన్ పక్కన పెట్టు, కాలు సబ్బుతో కడుక్కో, గవర్నమెంట్ ఆస్పత్రికి పో, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. పాపం వెంటనే వెళ్ళాడు, మొదటి డోసు వేయించుకున్నాడు. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే అది అతనొక్కడి ప్రశ్న కాదు. కరోనా తర్వాత "ఇమ్యూనిటీ" అనే మాట మనకి కండబలం లాంటిదైపోయింది. ఎక్కువుంటే గెలుస్తాం, తక్కువుంటే ఓడిపోతాం అన్నట్టు. కషాయం తాగితే పెరుగుతుంది, డబ్బాలో పొడి కలుపుకుంటే పెరుగుతుంది. ఈ లెక్క ఎంత తప్పో చూపించడానికి రేబిస్ కంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. పహిల్వాన్ అయినా, పసిపిల్లాడైనా రేబిస్ ముందు ఒకటే. అక్కడ ఆట బలంది కాదు, టైమ్‌ది.

ముందుగా రెండు అంకెలు చెప్పి ముందుకెళ్దాం. ప్రపంచం మొత్తం మీద రేబిస్‌తో ఏటా సుమారు 59 వేల మంది చనిపోతున్నారని అంచనా. అందులో మూడో వంతుకి పైగా, దాదాపు 36 శాతం, మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనుషులకి వచ్చే రేబిస్‌లో 99 శాతం కుక్కల వల్లే. లక్షణాలు మొదలయ్యాక బతికినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అదే లక్షణాలు రాకముందు సరైన ట్రీట్‌మెంట్ సరైన టైమ్‌కి జరిగితే, దాదాపు అందరూ బతుకుతారు. చావుకీ బతుక్కీ మధ్య ఇంత పెద్ద తేడా, అదీ కేవలం టైమింగ్ వల్ల, ఇంకే జబ్బులోనూ నాకు తెలిసి లేదు.

సరే, ఇప్పుడు అసలు మన ఒంట్లో సెక్యూరిటీ ఎలా పనిచేస్తుందో చూద్దాం. కుక్కని కాసేపు పక్కన పెట్టి, ముల్లు దగ్గర మొదలుపెడదాం.

పొలంలో నడుస్తుంటే కాలికి తుమ్మముల్లు గుచ్చుకుంది అనుకోండి. చర్మం మన మొదటి గోడ. ఆ గోడకి చిల్లు పడింది. ముల్లు మీదున్న బ్యాక్టీరియా లోపలికి వెళ్ళింది. కొన్ని నిమిషాల్లోనే అక్కడ కాపలా కాసే కణాలు గోల మొదలుపెడతాయి. వాటికి ఆ బ్యాక్టీరియా పేరు తెలీదు, ఊరు తెలీదు. "ఇది మనది కాదు" అని మాత్రం తెలుసు. వాటి గోలకి అక్కడి రక్తనాళాలు వెడల్పవుతాయి. అందుకే ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, సలుపుతుంది. రక్తంలోంచి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు గుంపులు గుంపులుగా వచ్చి దొరికిన దాన్ని దొరికినట్టు మింగేస్తాయి. మన ఎముకల్లోని మూలుగ రోజుకి సుమారు పదివేల కోట్ల న్యూట్రోఫిల్స్‌ని తయారు చేస్తుంది. మళ్ళీ చెబుతున్నా, రోజుకి, పదివేల కోట్లు. వాటి ఆయుష్షు మహా అయితే కొన్ని రోజులు. రెండ్రోజులకి ముల్లు దిగిన చోట చీము పడుతుంది చూడండి, అందులో ఎక్కువ భాగం ఆ పోరాటంలో చచ్చిపోయిన న్యూట్రోఫిల్సే. చీము అంటే మనకి రోత గానీ, నిజానికి అది యుద్ధభూమి.

ఇది మొదటి టీమ్. ఫాస్ట్. కానీ మొరటు. అందరికీ ఒకటే లాఠీ.

రెండో టీమ్ సంగతి మన పెద్దవాళ్ళకి ఒక రకంగా తెలుసు. కాలికి దెబ్బ తగిలి పుండైతే "గజ్జల్లో బిళ్ళలు కట్టాయి" అంటారు కదా. నా చిన్నప్పుడు దెబ్బేమో కాలికి, బిళ్ళలేమో గజ్జల్లో, దీనికీ దానికీ లింకేంటి అనుకునేవాణ్ణి. ఆ బిళ్ళలే లింఫ్ నోడ్స్. గాయం దగ్గర డెండ్రైటిక్ సెల్స్ అని ఒక రకం కణాలుంటాయి. అవి శత్రువు ముక్కొకటి పట్టుకుని, దగ్గర్లో ఉన్న లింఫ్ నోడ్‌కి వెళ్తాయి. కాలి నుంచి అయితే గజ్జలకి, చేతి నుంచి అయితే చంకకి. అక్కడ కూర్చున్న బి కణాలకీ, టి కణాలకీ ఆ ముక్క చూపించి "వీణ్ణి ఎవరైనా గుర్తుపడతారా?" అని అడుగుతాయి.

ఇక్కడ వచ్చే డిజైన్, ఒక సాఫ్ట్‌వేర్ వాడిగా చెప్తున్నా, నాకు నిద్ర పట్టనివ్వలేదు. ప్రపంచంలో ఎన్ని రకాల వైరస్‌లు ఉన్నాయి, రేపు ఇంకెన్ని కొత్తవి వస్తాయి, ఎవరికీ తెలీదు. మన దగ్గర ఉన్న జీన్‌లు చూస్తే మొత్తం 20 వేలు, అటూ ఇటూగా. మరి ఒక్కో శత్రువుకీ ఒక్కో జీన్ ఎక్కడి నుంచి తేవాలి? ఒళ్ళు చేసే పని ఏంటంటే, శత్రువు రాకముందే రాండమ్‌గా తాళంచెవులు తయారు చేసి పెట్టుకుంటుంది. కొన్ని జీన్ ముక్కల్ని పేకముక్కల్లా కలిపి, ఒక్కో బి కణానికి ఒక్కో ఆకారం ఇస్తుంది. కోట్ల కణాలు, కోట్ల ఆకారాలు. అందులో చాలావాటికి జీవితాంతం తాళం దొరకదు, అలాగే పోతాయి. ఈ పేకముక్కల సంగతి కనిపెట్టినందుకే జపాన్ సైంటిస్ట్ సుసుము టోనెగావాకి 1987లో నోబెల్ వచ్చింది.

రాండమ్‌గా చేస్తే ఇంకో ప్రమాదం ఉంది. కొన్ని చెవులు మన ఇంటి తాళాలకే పట్టేస్తాయి. అంటే మన కణాల మీదే దాడి. అందుకని టి కణాలకి రొమ్ము ఎముక వెనకాల థైమస్ అనే గ్రంథిలో పరీక్ష పెడతారు. మన సొంత ప్రోటీన్లు చూపించి, వాటి మీద విరుచుకుపడేవాటిని అక్కడే చంపేస్తారు. పరీక్ష రాసినవాటిలో పాసయ్యేవి చాలా కొద్ది. ఇదొక టెస్టింగ్ డిపార్ట్‌మెంట్ అనుకోండి. నేను పనిచేసిన చోట ఇంత కఠినంగా ఉండుంటే మా రిలీజ్ ఒక్కటీ బయటికొచ్చేది కాదు.

ఇప్పుడు లింఫ్ నోడ్‌లో ఆ ముక్కకి సరిపోయే చెవి ఉన్న కణం ఒకటో రెండో దొరికాయి. ఒకటి దొరికితే సరిపోతుందా? సరిపోదు. అది రెండవ్వాలి, రెండు నాలుగవ్వాలి. రోజుకి రెండుసార్లు రెట్టింపవుతుందని వేసుకుందాం. వారానికి పద్నాలుగు రెట్టింపులు. ఒక్క కణం 16,384 అవుతుంది. ఆ తర్వాత వాటిలో కొన్ని ఫ్యాక్టరీల్లా మారి యాంటీబాడీలు, అంటే వై ఆకారంలో ఉండే ప్రోటీన్లు, సెకనుకి వేలల్లో రక్తంలోకి వదులుతాయి. అవి వెళ్ళి వైరస్‌కి అతుక్కుంటాయి. చెవి పెట్టే చోట మైనం మెత్తినట్టు, వైరస్ ఇక కణంలోకి దూరలేదు. మొత్తానికి కొత్త శత్రువుని చూసిన రోజు నుంచి చేతినిండా యాంటీబాడీలు ఉండే రోజు దాకా, ఒక వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఈ టైమ్‌ని మీరు గుడ్లు తిని తగ్గించలేరు. తిండి అవసరమే, కాదనను. కానీ ఆ లెక్క పోషకాలది కాదు, కణాలు విడిపోవడానికి పట్టే టైమ్‌ది.

గెలిచాక కొన్ని కణాలు చావకుండా ఏళ్ళ తరబడి మిగిలిపోతాయి. జ్ఞాపకం అన్నమాట. మళ్ళీ అదే శత్రువొస్తే వెతుకులాట ఉండదు, రెండుమూడు రోజుల్లో సైన్యం రెడీ. వ్యాక్సిన్ అంటే ఈ జ్ఞాపకాన్ని జబ్బు రాకుండానే కొనుక్కోవడం.

సరే. ఇప్పుడు కుక్క దగ్గరికి రండి.

రేబిస్ వైరస్ తుపాకీ గుండు ఆకారంలో ఉంటుంది. దాని కోడ్ మొత్తం సుమారు 12 వేల అక్షరాలు. మనం వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసే గుడ్ మార్నింగ్ ఫొటో దీనికంటే పెద్ద ఫైల్. అందులో రాసున్నవి అయిదే అయిదు ప్రోటీన్లు. ఆ అయిదింటితో మనిషిని చంపేస్తుంది.

పిచ్చికుక్క కరిచినప్పుడు దాని చొంగలోంచి వైరస్ మన కండరంలోకి దిగుతుంది. ఇక్కడ అది చేసే తెలివైన పని ఏంటంటే, ఏమీ చేయకపోవడం. ఇందాకటి ముల్లు దగ్గర బ్యాక్టీరియా గోల గోల చేసింది, మన కాపలా కణాలు లేచాయి. రేబిస్ వైరస్ అక్కడ పెద్దగా పెరగదు, కణాల్ని పగలగొట్టదు. దొంగ ఇంట్లోకొచ్చి చప్పుడు చేయకుండా మూల నిలబడ్డట్టు. కాటు గాయం మానిపోతుంది కూడా. మనిషి మామూలుగా తిరుగుతుంటాడు. ఒకవేళ కణం అనుమానించి ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక పంపబోతే, వైరస్ అయిదు ప్రోటీన్లలో ఒకటి ఆ సిగ్నల్‌నే నొక్కేస్తుంది. అలారమ్ వైరు కట్ చేసినట్టే.

ఆ తర్వాత కండరానికీ నరానికీ కలిసే చోట నుంచి నరంలోకి దూరుతుంది. నరం లోపల సరుకు రవాణాకి సన్నటి పట్టాలుంటాయి. వేళ్ళ చివర నుంచి వెన్నుపాము వైపు సామాను మోసే బండ్లు వాటి మీద నడుస్తుంటాయి. ఈ వైరస్ ఆ బండెక్కుతుంది. రక్తంలోకి రాదు, అందుకే రక్తంలో తిరిగే కాపలాకి కనపడదు. రోజుకి కొన్ని సెంటీమీటర్ల చొప్పున వెన్నుపాముకి, అక్కణ్ణుంచి మెదడుకి. మామూలుగా కాటు నుంచి లక్షణాల దాకా రెండు మూడు నెలలు పడుతుంది. వారంలో రావచ్చు, ఏడాదికి రావచ్చు. ముఖం మీద, మెడ మీద, చేతివేళ్ళ మీద కరిస్తే ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే అక్కడ నరాలు దట్టం, ముఖం నుంచైతే దారి కూడా దగ్గర. పిల్లల ఎత్తు తక్కువ కాబట్టి కుక్క నోరు వాళ్ళ ముఖానికే అందుతుంది. అనుమానం ఉన్న జంతువులు కరిచినవాళ్ళలో 40 శాతం మంది 15 ఏళ్ళ లోపు పిల్లలే.

మెదడుకి చేరాక ఇంక ఆగదు. అక్కడ విపరీతంగా పెరిగి, మళ్ళీ నరాల దారినే లాలాజల గ్రంథులకి దిగుతుంది, ఇంకొకరికి అంటుకోడానికి. నీళ్ళు మింగబోతే గొంతు కండరాలు బిగుసుకుపోతాయి. ఆ నొప్పికి నీళ్ళ గ్లాసు చూస్తేనే వణుకు. జలభయం అంటే అదే. ఈ దశలో యాంటీబాడీలు ఎక్కిస్తే సరిపోదా అంటే, రక్తానికీ మెదడుకీ మధ్య ఒక గట్టి తడిక ఉంది. యాంటీబాడీలు దాన్ని దాటి తగినంతగా లోపలికి వెళ్ళలేవు. మామూలు రోజుల్లో మెదడుని కాపాడే ఆ తడికే ఇప్పుడు వైరస్‌కి కోట. 2004లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో గబ్బిలం కరిచిన ఒక 15 ఏళ్ళ అమ్మాయి, వ్యాక్సిన్ ఏమీ తీసుకోకుండా లక్షణాలొచ్చాక కూడా బతికింది. ప్రపంచమంతా ఆశపడింది. డాక్టర్లు ఆ అమ్మాయిని మందులతో కోమాలో ఉంచారు. అదే పద్ధతి తర్వాత చాలామంది మీద ప్రయత్నిస్తే దాదాపు ఎవరూ దక్కలేదు.

కాబట్టి లెక్క ఇది. మన సైన్యానికి కావలసింది రెండు వారాలు. వైరస్ సాధారణంగా మనకి నెల, రెండు నెలలు ఇస్తోంది. మరి మనమే గెలవాలి కదా? కానీ వైరస్ గోల చేయడం లేదు కాబట్టి మన సైన్యానికి కబురే అందట్లేదు. స్టార్ట్ బటన్ ఎవరూ నొక్కలేదు. కుక్క కాటు ట్రీట్‌మెంట్ అంతా ఆ బటన్ నొక్కడం, ఈలోపు వైరస్‌ని ఆపడం. అంతే.

మొదటిది సబ్బు. నవ్వొస్తుంది గానీ ఇదే అన్నిటికంటే తొందరగా దొరికే మందు. రేబిస్ వైరస్ పైన కొవ్వు పొర ఉంటుంది. సబ్బు కొవ్వుని విడగొడుతుంది. నూనె గిన్నె తోమినప్పుడు జరిగేదే ఇక్కడా జరుగుతుంది. ట్యాప్ కింద పెట్టి ధారగా నీళ్ళు పడుతుండగా పదిహేను నిమిషాలు కడగాలి. పదిహేను నిమిషాలంటే చాలాసేపు, ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి. కారం పెట్టడం, సున్నం రాయడం, కాల్చడం, నూనె పోయడం వద్దు. కారం గాయాన్ని రేపుతుంది, వైరస్‌ని చంపదు. పైగా దాన్నంతా మళ్ళీ కడిగే నర్సు చేత తిట్లు తినాలి.

రెండోది వ్యాక్సిన్. ఇక్కడ కొంచెం కథ చెప్పుకోవాలి. 1885 జూలై 6. ఫ్రాన్స్. జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ పిల్లాణ్ణి రెండ్రోజుల ముందు పిచ్చికుక్క ఒళ్ళంతా కరిచింది. వాళ్ళమ్మ పారిస్‌లో లూయీ పాశ్చర్ దగ్గరికి తీసుకొచ్చింది. పాశ్చర్ డాక్టర్ కాదు, కెమిస్ట్. సూది వేసే హక్కు కూడా లేదు, గ్రాంషే అనే డాక్టర్ వేశాడు. రేబిస్‌తో చచ్చిన కుందేళ్ళ వెన్నుపాముని ఎండబెట్టి, బాగా ఎండిన దాంతో మొదలుపెట్టి రోజురోజుకీ తక్కువ ఎండినదాన్ని ఇస్తూ పోయారు. మొత్తం పదమూడు సూదులు. పిల్లాడు బతికాడు, పెద్దయ్యాక పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోనే కాపలాదారుగా పనిచేశాడు. ఆశ్చర్యం ఏంటంటే అప్పటికి యాంటీబాడీ అనే మాటే లేదు. వైరస్‌ని కంటితో చూసినవాళ్ళే లేరు. జబ్బు నెమ్మదిగా వస్తోంది, మనం తొందరగా రక్షణ పుట్టించగలిగితే జబ్బుకంటే ముందు చేరుకోవచ్చు అన్న ఒక్క ఆలోచన మీద నడిచింది.

ఇవాళ మనం వేయించుకునేదాని వెనక లాజిక్ అదే. ల్యాబ్‌లో కణాల మీద పెంచి చంపేసిన వైరస్‌ని జబ్బలో పెడతారు. చచ్చిన వైరస్ నరమెక్కలేదు, దాక్కోలేదు. జబ్బలో పడి ఉంటుంది, కాపలా కణాలకి దొరికిపోతుంది, చంకలో లింఫ్ నోడ్‌కి కబురెళ్తుంది, కౌంట్‌డౌన్ మొదలవుతుంది. స్టార్ట్ బటన్ ఇదే. హైదరాబాద్ కంపెనీలు ఇండియన్ ఇమ్యునలాజికల్స్, భారత్ బయోటెక్ రెండూ ఈ వ్యాక్సిన్ తయారుచేసేవే, మనకి ఇది పరాయి సరుకేం కాదు. కండరానికి ఇచ్చేదైతే 0, 3, 7, 14, 28వ రోజుల్లో అయిదు డోసులు. గవర్నమెంట్ ఆస్పత్రుల్లో ఎక్కువగా చర్మం పొరలోకి ఇస్తారు, రెండు జబ్బలకీ కొంచెం కొంచెం, 0, 3, 7, 28 రోజుల్లో. చర్మంలో డెండ్రైటిక్ సెల్స్ ఎక్కువ కాబట్టి తక్కువ మందుతోనే పని జరుగుతుంది. "ఇంత చిన్న చుక్కేంటి, మోసం చేస్తున్నారు" అని గొడవపడకండి.

మూడోది, చాలామందికి తెలియనిది, చాలాచోట్ల అడిగితే తప్ప దొరకనిది. వ్యాక్సిన్ వేశాక యాంటీబాడీలు రావడానికి ఏడు నుంచి పద్నాలుగు రోజులు అన్నాం కదా. ఈలోపు? కాటు లోతుగా ఉంటే, ముఖం మీద ఉంటే, వైరస్ మొదటి వారంలోనే నరమెక్కేస్తే? ఆ ఖాళీ రోజులకి అరువు తెచ్చుకోవాలి. 1890లో బేరింగ్, కితసాటో అనే ఇద్దరు ఒక విషయం కనిపెట్టారు. రక్షణ ఉన్న జంతువు సీరమ్ ఇంకో జంతువుకి ఎక్కిస్తే రక్షణ కూడా బదిలీ అవుతుంది. దాని మీదే తొలి వైద్య నోబెల్, 1901లో బేరింగ్‌కి. రేబిస్‌లో దీన్ని ఇమ్యునోగ్లోబ్యులిన్ అంటారు. గుర్రాల నుంచో, వ్యాక్సిన్ వేయించుకున్న మనుషుల నుంచో తీసిన రెడీమేడ్ యాంటీబాడీలు. ఇప్పుడు ల్యాబ్‌లో చేసిన మోనోక్లోనల్ యాంటీబాడీలు కూడా వచ్చాయి. దీన్ని జబ్బకి కాదు, కాటు గాయంలోనే, చుట్టూ గుచ్చి నింపుతారు. నొప్పి ఉంటుంది, అబద్ధం చెప్పను. కానీ వైరస్ నరమెక్కేలోపు అక్కడే పట్టుకోడానికి అదొక్కటే దారి.

దీని విలువ ఎంతో 1954లో ఇరాన్‌లో తెలిసింది. పిచ్చెక్కిన తోడేలు ఒకటి ఒక్క రాత్రిలో 29 మందిని కరిచింది. వాళ్ళలో 18 మందికి తల మీదే గాయాలు. అయిదుగురికి వ్యాక్సిన్ ఒక్కటే ఇచ్చారు, ముగ్గురు చనిపోయారు. పదమూడు మందికి వ్యాక్సిన్‌తో పాటు సీరమ్ ఇచ్చారు, ఒక్కరు చనిపోయారు. అప్పటినుంచి పెద్ద కాటుకి రెండూ ఇవ్వడం పద్ధతైంది. అరువు యాంటీబాడీలు కొన్ని వారాల్లో కరిగిపోతాయి, అప్పటికి సొంతవి వచ్చేస్తాయి. రక్తం వచ్చేలా కరిస్తే డాక్టర్‌ని "ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇస్తున్నారా?" అని నోరు తెరిచి అడగండి. మొదటి వ్యాక్సిన్ డోసు రోజే ఇవ్వాలి. ఆరోజు కుదరకపోతే ఏడు రోజుల్లోపు. ఆ తర్వాత ఇవ్వరు, ఎందుకంటే అప్పటికి మీ సొంత సైన్యం తయారవుతూ ఉంటుంది.

ఇక్కడే ఒక భయం గురించి మాట్లాడాలి. "బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు". మా నాన్న తరంలో ఎవర్ని అడిగినా ఇదే చెబుతారు, చెబుతూ పొట్ట పట్టుకుంటారు. అది నిజమే. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ అనే బ్రిటిష్ డాక్టర్ తయారుచేసిన వ్యాక్సిన్ అది. గొర్రె మెదడులో వైరస్‌ని పెంచి, చంపి, ఆ మెదడు కణజాలంతో సహా పొట్టలో గుచ్చేవాళ్ళు. చవక, పల్లెలకి కూడా అందింది, లక్షల మందిని కాపాడింది. కానీ ఇందాక చెప్పిన థైమస్ పరీక్ష గుర్తుందా? గొర్రె నరాల కణజాలం, మన నరాల కణజాలం చూడ్డానికి దగ్గర దగ్గరగా ఉంటాయి. గొర్రెదాని మీద కోపం తెచ్చుకున్న సైన్యం, కొద్దిమందిలో, మన నరాల మీద కూడా తిరగబడింది. కాళ్ళు పడిపోయినవాళ్ళున్నారు. ఇమ్యూనిటీ ఎంత "స్ట్రాంగ్" అయితే అంత మంచిది కాదనడానికి ఇంతకంటే ఏం కావాలి? 2005 నాటికి మన దేశంలో దాన్ని ఆపేశారు. అంటే దాదాపు ఇరవై ఏళ్ళుగా బొడ్డు చుట్టూ ఎవరూ గుచ్చట్లేదు. అయినా ఆ భయంతో ఇప్పటికీ పిల్లలు కుక్క కరిచిన సంగతి ఇంట్లో చెప్పకుండా దాస్తున్నారు. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ ఒక్క ముక్క ఈరోజే చెప్పండి, జబ్బకే ఇంజక్షన్ అని, కుక్క కరిస్తే ఎవరూ తిట్టరని.

ఇంకొకటి, పసరు. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో కుక్క కాటుకి పసరు పోసే పెద్దాయన ఉండేవాడు. పైసా తీసుకునేవాడు కాదు, మంచి మనిషి. "వందమందికి పోశాను, వందమందీ బతికారు" అనేవాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. కానీ లెక్క చూడండి. కరిచే కుక్కల్లో ఎక్కువ వాటికి రేబిస్ ఉండదు. ఉన్న కుక్క కరిచినా ప్రతిసారీ జబ్బు రాదు. కాబట్టి పసరు కాదు, చెరుకురసం పోసినా వందలో చాలామంది బతుకుతారు. మా భాషలో చెప్పాలంటే బగ్ ఉన్న కేసు టెస్ట్‌లో రానేలేదు, అన్నీ పాస్ అని రిపోర్ట్ వచ్చింది. జబ్బొచ్చిన ఆ ఒక్కడు మూడు నెలల తర్వాత ఏదో పట్నం ఆస్పత్రిలో పోతాడు. అప్పటికి పసరు పోసిన సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఇక మీరు ఎక్కువగా అడిగే డౌట్లు గబగబా చూద్దాం. నేను డాక్టర్‌ని కాదు, ఇవన్నీ ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన జాతీయ కార్యక్రమం చెప్పే సంగతులే. రక్తం రాలేదు, ఊరికే రక్కింది అంటే? కడగాలి, వ్యాక్సిన్ వేయించుకోవాలి. గీత పడిన చర్మం మీద కుక్క నాకినా, కంట్లో నోట్లో చొంగ పడినా, రక్తం వచ్చిన కాటుతో సమానం. మామూలు చర్మం మీద నాకితే కడుక్కుంటే చాలు. కుక్కపిల్ల కదా అంటే, దానికీ రేబిస్ రావచ్చు. పెంపుడుదే, కళ్ళముందే ఉంది కదా అంటే, వ్యాక్సిన్ మొదలుపెట్టి, కుక్కని పది రోజులు గమనించండి. పది రోజులకీ ఆరోగ్యంగా ఉంటే మిగతా డోసుల సంగతి డాక్టర్ చెబుతారు. ముందు గమనించి తర్వాత మొదలుపెడదాం అనుకోవద్దు, పందెంలో ఆ పది రోజులు మనవే పోతాయి. గర్భిణులు కూడా వేయించుకోవచ్చు, వేయించుకోవాలి. పిరుదుకి మాత్రం వేయించుకోకండి, అక్కడి కొవ్వులో మందు సరిగా పనిచేయదు. మధ్యలో ఒక డోసు మిస్సయితే మళ్ళీ మొదటినుంచి అక్కర్లేదు, గుర్తొచ్చిన వెంటనే వెళ్ళి కొనసాగించండి. కరిచి నెలైపోయింది, ఏమీ వేయించుకోలేదు అన్నా ఇవాళే వెళ్ళండి. లక్షణాలు లేనంతవరకూ పందెం ఇంకా నడుస్తున్నట్టే.

అన్నట్టు, ఒకసారి పూర్తి కోర్సు అయినవాళ్ళని మళ్ళీ కుక్క కరిస్తే 0, 3 రోజుల్లో రెండే డోసులు, ఇమ్యునోగ్లోబ్యులిన్ అసలే అక్కర్లేదు. ఎందుకో మీకిప్పుడు తెలుసు, జ్ఞాపక కణాలు లోపల రెడీగా ఉన్నాయి. అందుకే వెటర్నరీ వాళ్ళు, కుక్కల్ని పట్టే మున్సిపల్ సిబ్బంది, వీధికుక్కలకి అన్నం పెట్టే మన ఫ్రెండ్స్ కరవకముందే వేయించుకుంటే మంచిది. కోర్సు అయిపోయాక ఆ కార్డు పారేయకుండా ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. మళ్ళీ అవసరమైతే డాక్టర్ అడిగేది అదే.

వచ్చే వారం డెంగ్యూ. రెండోసారి వచ్చిన డెంగ్యూ మొదటిదానికంటే ఎందుకు ముదురుతుంది, అక్కడ ఇదే యాంటీబాడీ వైరస్‌కి ఎలా సాయం చేస్తుంది అన్నది చూద్దాం. ఉంటానండి.